బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత టార్గెట్ బరువు ఎలా పెట్టుకోవాలి?

స్లీవో (కడుపులో చాలా భాగం తీసేసి సన్నటి గొట్టంలా చేయడం), బైపాసో (కడుపుని చిన్న సంచిలా చేసి పేగుకి కలపడం) చేయించుకునేవాళ్ళలో చాలామంది ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్ళకముందే మనసులో ఒక నంబర్ పెట్టేసుకుంటారు. పెళ్ళినాటి బరువో, కాలేజీ రోజుల బరువో, ఎత్తు కొడితే ఫోన్‌లో వచ్చిన బరువో. ఏడాది తిరిగేసరికి ముప్పై కిలోలు తగ్గి, షుగర్ మాత్రలు సగానికి సగం ఆగిపోయి, ఆయాసం లేకుండా రెండంతస్తులు ఎక్కగలుగుతూ కూడా, ఆ నంబర్‌కి ఇంకా పాతిక కిలోల దూరంలో ఉన్నామని "నాకు ఆపరేషన్ ఫెయిలైంది" అని కుమిలిపోయేవాళ్ళు ఉన్నారు. ఇది నాకు చాలా బాధనిపిస్తుంది. మొదట్లో ఒక అరగంట కూర్చుని సరైన లెక్క వేసుకుంటే ఈ బాధలో చాలా భాగం తప్పుతుంది, ఆ లెక్క ఎలా వేయాలో ఇక్కడ చెప్తాను.

ముందు ఎత్తు–బరువు చార్టుని పక్కన పెట్టండి

బీఎంఐ అంటే కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే సంఖ్య. మన భారతీయులకి అది 18.5 నుంచి 22.9 వరకు ఉంటే నార్మల్ అంటారు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. ఈ హద్దులు జబ్బుల రిస్క్ అంచనా వేయడానికి పెట్టినవి. బీఎంఐ 40, 45 దగ్గర మొదలైన మనిషి ఆపరేషన్‌తో 22కి దిగుతారని ఏ సర్జనూ మాట ఇవ్వలేరు. ఆపరేషన్ ఆకలిని తగ్గిస్తుంది, పట్టే తిండిని తగ్గిస్తుంది, కడుపు–పేగుల నుంచి వచ్చే హార్మోన్లని మారుస్తుంది. కానీ బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు చేసే క్యాలరీలు కూడా తగ్గుతాయి, ఆకలి మెల్లగా తిరిగొస్తుంది, ఒకచోటికి వచ్చాక తగ్గుదల ఆగుతుంది. ఎక్కడ ఆగుతుందనేది ఎక్కువగా మీరు ఎక్కడ మొదలయ్యారనే దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు కాగితం తీసుకుని లెక్క వేయండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎత్తు 160 సెంటీమీటర్లు, ఆపరేషన్‌కి ముందు బరువు 118 కిలోలు ఉన్న ఒకావిడ అనుకోండి. బీఎంఐ సుమారు 46. చార్టు ప్రకారం ఆవిడ 58 కిలోలకి రావాలి, అంటే సరిగ్గా 60 కిలోలు తగ్గాలి, అంటే తన ఒంట్లో సగం.

జరిగేది వేరే. స్లీవ్ చేయించుకున్నవాళ్ళు మొదటి ఏడాది, ఏడాదిన్నరలో సగటున మొత్తం బరువులో సుమారు 25 శాతం, బైపాస్ వాళ్ళు సుమారు 30 శాతం తగ్గుతారు. 118లో 25 శాతం అంటే 29.5 కిలోలు, ఆవిడ 88 దగ్గరికి వస్తారు. 30 శాతం అంటే 35 కిలోల పైచిలుకు, 83 దగ్గరికి వస్తారు. అంటే ఆవిడకి 83 నుంచి 88 మధ్య ఎక్కడ ఆగినా ఆపరేషన్ తన పని తాను చేసినట్టే. కొందరు ఇంతకంటే బాగా తగ్గుతారు, కొందరికి 20 శాతం దగ్గరే ఆగిపోతుంది, సగటు అన్నాక రెండువైపులా మనుషులు ఉంటారు.

డాక్టర్లు కొన్నిసార్లు ఇంకో లెక్క చెప్తారు, "అదనపు బరువులో 60 శాతం పోతుంది" అని. ఇది విని చాలామంది మొత్తం బరువులో 60 శాతం అనుకుని పొరబడతారు. అదనపు బరువంటే మీ బరువులోంచి బీఎంఐ 25 దగ్గరి బరువు తీసేయగా మిగిలినది. పై ఉదాహరణలో బీఎంఐ 25 అంటే 64 కిలోలు, అదనం 54, అందులో 60 శాతం అంటే 32 కిలోలు, ఫలితం 86. రెండు దారుల్లో వెళ్ళినా దాదాపు ఒకే చోటికి వచ్చాం చూడండి. ఆస్పత్రిలో ఎవరైనా శాతం చెప్తే, "దేంట్లో శాతం అండీ, మొత్తం బరువులోనా, అదనపు బరువులోనా?" అని అక్కడే అడిగేయండి.

ఇంకొకటి, మొదలు బరువు ఏది తీసుకోవాలి? ఆపరేషన్‌కి ముందు లివర్ సైజు తగ్గడానికి రెండు వారాలు లిక్విడ్ డైట్ పెడతారు, అందులోనే కొన్ని కిలోలు పోతాయి. మొదటిసారి డాక్టర్‌ని కలిసిన రోజు బరువైనా సరే, ఆపరేషన్ రోజు బరువైనా సరే, ఒకటి ఎంచుకుని చివరిదాకా దాన్నే వాడండి. నెలకొకటి మారిస్తే మీ లెక్క మీకే అర్థం కాదు.

ఆ లెక్కని మీ పరిస్థితికి సరిచూసుకోండి

వయసు పెరిగేకొద్దీ తగ్గుదల కాస్త తక్కువగా ఉంటుంది. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు, షుగర్ లేనివాళ్ళ కంటే కొంచెం తక్కువ తగ్గుతారు. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్యం మందులు బరువుని పట్టి ఉంచుతాయి, అయితే అవి మీ అంతట మీరు మానేయకూడదు, రాసిన డాక్టర్‌తో మాట్లాడాలి. మోకాళ్ళు అరిగిపోయి నడవలేనివాళ్ళకి, రోజూ నడవగలిగినవాళ్ళకి ఒకే టార్గెట్ పెట్టడం కూడా అన్యాయమే. ఇవేవీ మీకు లేకపోతే పైన చెప్పిన 25–30 శాతంలో ఎక్కువ వైపు చూసుకోండి, రెండు మూడు ఉంటే 20–22 శాతం దగ్గర పెట్టుకోండి.

మీ పక్క బెడ్ ఆవిడ 45 కిలోలు తగ్గిందంటే, ఆవిడ 150 దగ్గర మొదలైందేమో కనుక్కోండి. 150కి 45 అంటే 30 శాతం, 100కి 30 అన్నా 30 శాతమే. కిలోలు పోల్చుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఒకే నంబర్ వద్దు, పైగీత ఒకటి, కిందిగీత ఒకటి గీసుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యమని నా గట్టి నమ్మకం. అన్నిటికంటే తక్కువ బరువు సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్ళ మధ్యలో కనిపిస్తుంది, ఆ తర్వాత కొన్ని కిలోలు తిరిగి రావడం మామూలే. స్వీడన్‌లో 1987లో మొదలై వేలమందిని ఏళ్ళ తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. అందులో బైపాస్ చేయించుకున్నవాళ్ళు మొదటి రెండేళ్ళలో సగటున 32 శాతం తగ్గారు, పదేళ్ళ తర్వాత చూస్తే ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. పదేళ్ళ తర్వాత కూడా 25 శాతం తక్కువగా ఉండటమంటే చిన్న విషయం కాదు. కానీ ఎవరైనా ఆ 32 శాతం నాటి బరువునే టార్గెట్‌గా పట్టుకుని కూర్చుంటే పదేళ్ళూ ఓడిపోయినట్టే అనిపిస్తుంది కదా.

కాబట్టి మన ఉదాహరణలో ఆవిడ 83 నుంచి 90 అని రాసుకోవాలి. 83–88 లెక్కకి వచ్చింది, పైన ఇంకో రెండు కిలోలు తిరిగొచ్చే బరువు కోసం వదిలాం. ఆవిడ బరువు 85కి దిగి మూడో ఏడు 88 అయితే భయపడక్కర్లేదు. 90 దాటి పైకి పోతుంటే మాత్రం డైటీషియన్ దగ్గరికి వెళ్ళాలి, వంద అయ్యేదాకా సిగ్గుపడి ఇంట్లో కూర్చోకూడదు.

కిందిగీత గురించి ఎవరూ మాట్లాడరు, అదీ అంతే అవసరం. తగ్గే బరువులో కొవ్వుతో పాటు కండ కూడా ఉంటుంది. నంబర్ మీద పంతంతో తిండి మరీ మానేస్తే పోయేది కండే. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ తినమంటారు. అది ప్లేట్‌లో ఎలా ఉంటుందంటే, రోజు మొత్తం మీద రెండు గుడ్లు, వండిన చికెన్ వంద గ్రాములు, ఒక కప్పు చిక్కటి ముద్దపప్పు, ఒక కప్పు పెరుగు, యాభై గ్రాముల పనీర్, ఇవన్నీ కలిపితే అరవై పైనే వస్తుంది. చిన్న కడుపులో ముందు చారన్నం పడిపోతే వీటికి చోటు ఉండదు, అందుకే ముందు పప్పూ గుడ్డూ తినేసి, చోటుంటే ఆఖర్న అన్నం. శాకాహారులకి ఆహారంతోనే అరవై చేరడం కష్టం, ప్రొటీన్ పౌడర్ తీసుకోవడంలో తప్పేమీ లేదు.

మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలడం చాలామందికి జరుగుతుంది, ఎక్కువమందికి మళ్ళీ వస్తుంది. కానీ లేచి నిలబడితే కళ్ళు తిరగడం, విపరీతమైన నీరసం, కాళ్ళలో తిమ్మిర్లు ఉంటే బరువు సంగతి వదిలేసి బి12, ఐరన్, విటమిన్ డి టెస్టులు చేయించండి. రోజుల తరబడి వాంతులు ఆగకపోతే అసలు ఆలస్యం చేయొద్దు, బి1 లోపం వచ్చి నరాలు, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. "వాంతులైతే మంచిదే, ఇంకా తగ్గుతావు" అనే మాట ఎవరన్నా వినకండి.

వారానికొక్కసారి కాటా ఎక్కండి

వారంలో ఒకే రోజు, పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, కాఫీ కూడా తాగకముందు, ఒకే రకం బట్టల్లో. రోజూ ఎక్కితే నీళ్ళు, ఉప్పు, మలబద్ధకం, నెలసరి, అన్నీ కలిసి కిలో, రెండు కిలోలు అటూ ఇటూ ఊపేస్తాయి. మూడో నాలుగో వారంలో చాలామందికి ఉన్నట్టుండి కాటా ముల్లు కదలదు. మొదటి వారాల్లో గ్లైకోజెన్‌తో (ఒంట్లో నిల్వ ఉండే చక్కెరతో) పాటు పోయిన నీరు తిరిగి సర్దుకునే సమయం అది, ఒకట్రెండు వారాల్లో మళ్ళీ దిగుతుంది. అప్పుడు తిండి తగ్గించి ప్రయోజనం లేదు.

కాటాలో కనిపించని టార్గెట్లు మూడు రాసుకోండి

నడుము కొలత ఒకటి. మనవాళ్ళలో మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే రిస్క్ అంటారు, అంతకి చేరకపోయినా తగ్గుతూ ఉండటమే ముఖ్యం. మందుల చీటీ ఒకటి, షుగర్, బీపీ మాత్రలు ఎన్ని ఉండేవి, ఇప్పుడెన్ని, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు) ఎంత, రాత్రి గురక తగ్గిందా. మాత్రలు తగ్గించడం మాత్రం డాక్టరే చేయాలి, ఆపరేషన్ తర్వాత షుగర్ ఒక్కసారిగా పడిపోయే అవకాశం ఉంది.

మూడోది మీ సొంతం. కింద చాప మీద కూర్చుని ఏ ఊతమూ లేకుండా లేవడం, బస్సులో ఒకే సీట్లో సరిపోవడం, మనవడిని ఎత్తుకోవడం. డాక్టర్ సరేనంటే, అలిపిరి నుంచి తిరుమల దాకా ఉన్న 3,550 మెట్లు సొంత కాళ్ళతో ఎక్కడం కూడా మంచి టార్గెట్టే, బీఎంఐ 33 దగ్గర ఆగిన మనిషి కూడా అది సాధించగలరు.

చుట్టాలకి ఏం చెప్పాలో ముందే అనుకోండి

ఏ పెళ్ళికి వెళ్ళినా రెండు మాటలూ వస్తాయి. ఒక పిన్ని "అంత ఖర్చుపెట్టి ఇంతేనా తగ్గింది?" అంటుంది, ఆ పక్కనే ఇంకో అత్తయ్య "ఇంక చాలమ్మా, మొహం పీక్కుపోయింది" అంటుంది. ఇద్దరి మాట మీదా టార్గెట్ మార్చొద్దు. "డాక్టర్ చెప్పిన లెక్కలోనే ఉన్నాను పిన్నీ" అనండి చాలు. మీ నంబర్ భర్తకో, భార్యకో, ఒక్క దగ్గరివాళ్ళకి చెప్పండి, వాట్సాప్ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టకండి.

ఏడాదిన్నరకి మళ్ళీ కూర్చుని తిరగరాయండి

అప్పటికి మీ శరీరం ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. మూడు నెలలుగా బరువు ఒకేచోట ఉంటే ఆ చుట్టుపక్కలే కొత్త గీతలు గీసుకోండి. వేలాడే చర్మం కొందరికి కొన్ని కిలోలు ఉంటుంది, అది ఎక్సర్‌సైజ్‌తో పోదు, దాన్ని కొవ్వనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. తీయించుకోవాలనుకుంటే బరువు నిలకడగా ఉన్నాకే ప్లాస్టిక్ సర్జన్‌ని కలవాలి. పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్ళు కూడా ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమనే చెప్తారు, గర్భం వచ్చాక ఈ గీతలన్నీ పక్కన పెట్టేయాలి, ప్రసవం తర్వాత కొత్తగా వేసుకోవాలి.

ఒకవేళ మీరు 15 శాతం కూడా తగ్గకుండా ఆగిపోయినా, పైగీత దాటి పెరుగుతున్నా, దానికి దారులు ఉన్నాయి. తిండి డైరీ చూసి మార్చడం, స్లీవ్‌నో, బైపాస్‌లో చేసిన చిన్న సంచినో (పౌచ్) ఒకసారి పరీక్షించడం, ఆకలి తగ్గించే సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్లు, కొందరికి రెండో ఆపరేషన్. ఆ ఫాలోఅప్‌కి వెళ్ళేటప్పుడు వారంవారం రాసుకున్న బరువులు, నడుము కొలతలు, ప్రస్తుతం వాడుతున్న మందుల చీటీ, చివరిగా చేయించుకున్న రక్తపరీక్షల కాగితాలు వెంట తీసుకెళ్ళండి.