అమెరికా బడిలో చేర్చే ముందు: విమానం ఎక్కకముందే చూసుకోవాల్సినవి

ముందుగా టీకాల కార్డు తీయండి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. మన ప్రభుత్వ టీకాల్లో ఇచ్చేది ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లా టీకా. అందులో గవదబిళ్ళల మందు ఉండదు. అక్కడ అడిగేది ఈ మూడూ కలిసిన ఎంఎంఆర్, సాధారణంగా రెండు డోసులు. ఆటలమ్మ టీకా కూడా ప్రభుత్వ పట్టికలో లేదు, ప్రైవేటులో వేయించాలి. టెక్సాస్‌లో హెపటైటిస్-ఎ (ఒక రకం కామెర్లు) టీకా కూడా అడుగుతారు. డోసుల మధ్య వారాల ఎడం ఉండాలి కాబట్టి టికెట్లు కొన్నాక మొదలుపెడితే ఆలస్యమే. ప్రతి డోసు తేదీ ఇంగ్లీషులో రాయించి, డాక్టరు సంతకం, ముద్ర వేయించండి. అక్కడ నెల ముందు, రోజు తరువాత రాస్తారు. 05/06 అంటే వాళ్ళకు మే 6. అందుకే నెల పేరు అక్షరాల్లో రాయించడం మేలు.

బీసీజీ (టీబీ టీకా) వేసిన పిల్లలకు చర్మం మీద చేసే టీబీ పరీక్ష పాజిటివ్ రావచ్చు. కంగారొద్దు, రక్తపరీక్ష చేయమని అడగండి.

ఇల్లు ఎక్కడుంటే బడి అక్కడే. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఆ చిరునామా ఏ బడి కిందకి వస్తుందో అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు బడులను నడిపే సంస్థ) వెబ్‌సైట్‌లో చూడండి.

టీసీ, జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు చేతిసంచీలోనే పెట్టుకోండి. తొమ్మిదో తరగతి దాటినవాళ్ళకైతే పాత మార్కుల జాబితాలన్నీ కావాలి, క్రెడిట్లు (పాసైన సబ్జెక్టులకు లెక్కగట్టే పాయింట్లు) వాటిని బట్టే ఇస్తారు.

ఇంట్లో ఏ భాష అని అడిగితే తెలుగనే రాయండి. ఇంగ్లీషు పరీక్ష పెడతారు, అంతే. దాచడం దేనికి?