మలుపులో పట్టా తప్పే 2-6-6-2 మోడల్ ఇంజిన్: సమస్య - పరిష్కారం

హెచ్‌ఓ స్కేలు (1:87, పట్టాల మధ్య 16.5 మి.మీ.) మాలెట్ ఇంజిన్ (ఒకే బాయిలర్ కింద ఆరేసి చక్రాల జట్లు రెండు, ముందూ వెనకా రెండేసి చిన్న చక్రాలు; అదే 2-6-6-2) తిన్నగా బాగానే పోతుంది, మలుపు రాగానే పడిపోతుంది. నెల్లూరు జిల్లా బిట్రగుంటలోని పాత ఆవిరి ఇంజిన్ల షెడ్డును ఇంట్లో మోడల్‌గా కట్టుకుంటున్నవాళ్ళు కూడా ముందు పట్టాలే పీకేస్తారు. తొందరపడొద్దు. రోజూ ఒకే చోట పడితే తప్పు పట్టాది, ఎక్కడపడితే అక్కడ పడితే ఇంజిన్‌ది.

ముందున్న 2 చిన్న చక్రాలు ఎగిరిపడితే
ఎక్కువగా చూసేది ఇదే. అసలు మాలెట్‌లో వెనక ఆరు చక్రాల జట్టు బాయిలర్‌కు బిగించి ఉంటుంది, ముందు జట్టు కీలు మీద పక్కలకు తిరుగుతుంది. చాలా మోడళ్ళలో చిన్న మలుపుల కోసం రెండు జట్లూ తిరుగుతాయి. ఇంజిన్‌ను చేత్తో ఎత్తి, ముందు జట్టును వేలితో పక్కకు నెట్టి వదలండి. దానంతటది వెనక్కి లాక్కుంటే లోపలి వైర్లు బిరుసుగా ఉన్నట్టే. సన్నని, మెత్తని తీగలు పెట్టి కాస్త వదులుగా మడత ఉంచండి.

తేలిగ్గా తిరుగుతుంటే చిన్న చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం వెర్నియర్‌తో కొలవండి: 14.4-14.5 మి.మీ. ఉండాలి. తేడా ఉంటే ఇరుసు మీద చక్రాన్ని తిప్పుతూ జరపండి, సుత్తితో కొట్టొద్దు. అదీ సరిగా ఉంటే ఆ చిన్న చక్రాల మీద బరువు చాలడం లేదు. వలలకు కట్టే సీసం గుళ్ళు మన దగ్గర తేలిగ్గా దొరుకుతాయి. 3 గ్రాములతో మొదలుపెట్టి అంటించి చూడండి. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

కుదుపుతో నడిస్తే
ముందు జట్టుకు పోయే షాఫ్టు ఊడదీసి వెనక జట్టొక్కటే నడపండి. కుదుపు పోతే ముందు జట్టులోనో, షాఫ్టు కీళ్ళలోనో వెతకాలి. పోకపోతే వెనక జట్టు పక్క కడ్డీలు వంగాయేమో చూడండి.

వేసవిలోనే పడితే
రేకుల గదిలో రోహిణి కార్తె ఎండకు పట్టా సాగుతుంది. 20 డిగ్రీల తేడాకు మీటరుకు మిల్లీమీటరులో మూడో వంతు. చలికాలంలో సందు లేకుండా పరిచి ఉంటే అతుకు దగ్గర పక్కకు వంగుతుంది. అక్కడ కోసి, మీటరుకు అర మిల్లీమీటరు సందు వదలండి.

ఆగి ఆగి నడిస్తే
సముద్రపు గాలికి పట్టా మీద మురికి పేరుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. ఉప్పు కాగితంతో రుద్దితే గీతలు పడి మురికి ఇంకా తొందరగా పడుతుంది.