సీఆర్ బాగుంది, జవాబే తిరగబడింది: ఏహెచ్‌పీ షీటులో ఎక్కడ వెతకాలి

సమస్య: సీఆర్ 0.10 దాటింది

ఏహెచ్‌పీ అంటే ప్రమాణాలనీ ఎంపికలనీ రెండేసి చొప్పున పోల్చి, బరువులు కట్టి ఏది మేలో తేల్చే పద్ధతి. ఆ పోలికలు ఒకదానితో ఒకటి ఎంత పొసగడం లేదో చెప్పే అంకె సీఆర్; 0.10 దాటితే పొంతన చాలనట్టు. ఈ పద్ధతి కట్టిన సాటీ 1–9 కొలత (1 అంటే సమానం, 9 అంటే బాగా ఎక్కువ, ఎదురువైపు గడిలో 1/5 లాంటి తిరగేసిన అంకె) వాడేవాళ్లకి ఇది తరచూ వచ్చేదే. ముందు పోలికలు పైకి చదవండి: "పెట్టుబడి కంటే నీళ్లు మూడింతలు ముఖ్యం, కూలీల కంటే పెట్టుబడి మూడింతలు, నీళ్ల కంటే కూలీలు ఐదింతలు..." అక్కడే నోరు ఆగిపోతుంది. 1/5 వెయ్యాల్సిన గడిలో 5 పడింది. ఇంత చిన్న పని మానేసి, సీఆర్ తగ్గేదాకా అంకెలు మార్చేస్తారు. అలా వచ్చిన బరువులు ఎవరి అభిప్రాయమూ కాదు.

సమస్య: సీఆర్ చక్కగా ఉంది, జవాబు మాత్రం ఎవరికీ మింగుడుపడట్లేదు

నన్ను ముంచింది ఇదే. రాజోలు వైపు రెండెకరాల శివారు భూమి, ఎండాకాలం కాలవ కట్టేస్తే బోరులో ఉప్పునీళ్లే. వరా, కొబ్బరా, రొయ్యల చెరువా అని అన్నదమ్ములిద్దరూ తేల్చుకోలేకపోతున్నారు. చేతిలో డబ్బు తక్కువని పెట్టుబడికే ఎక్కువ బరువిచ్చారు. తీరా చూస్తే చెరువే పైకొచ్చింది. "అప్పు చేసి మరీ చెరువు తవ్వమంటోందాండీ మీ లెక్క?" అన్నారు పెద్దాయన. నేను సీఆర్ 0.01 చూపించి షీటునే వెనకేసుకొచ్చాను.

తప్పు నా ప్రశ్నలో ఉంది. "పెట్టుబడి దేనికెక్కువ, చెరువుకా వరికా?" అని అడిగాను. "చెరువుకే, ఏడింతలు" అన్నారు, 7 వేశాను. ఆయన చెప్పింది ఖర్చెక్కువని, షీటుకి అందింది చెరువు మేలని. కొబ్బరి మీద చెరువుకి 5, వరి మీద కొబ్బరికి 2 కూడా అలా పడ్డవే. పెట్టుబడి కింద చెరువు వాటా 0.74 అయింది. మూడూ తిప్పి వేస్తే 0.08కి పడి, వరి 0.59కి లేచింది. సీఆర్ మాత్రం రెండుసార్లూ 0.01. పట్టిక మొత్తం తిరగబడితే సీఆర్ కదలదు, అది మాటకీ మాటకీ పొంతన చూస్తుందంతే. ప్రమాణం బరువుతో దాని కింద ఎంపికకి వచ్చిన వాటాని హెచ్చవేస్తాం కాబట్టి, వాళ్లకి అన్నిటికంటే ముఖ్యమైన చోటే తప్పు అన్నిటికంటే పెద్దదైంది.

పరిష్కారం: "ఏది ఎక్కువ" అని అడగొద్దు. "పెట్టుబడి వరకే చూస్తే మీకేది మేలు, ఎంత మేలు?" అని అడగండి. ఖర్చు, ఉప్పు ముప్పు, కూలీల అవసరం లాంటి తక్కువైతే మంచిదనే ప్రతి ప్రమాణానికీ ఇదే ప్రశ్న. తర్వాత ఒక్కో ప్రమాణంలో మొదట నిలిచిందేదో ఇంటివాళ్లకి చదివి వినిపించండి. "పెట్టుబడిలో మొదటిది చెరువు" అని ఆ రోజు చదివుంటే పెద్దాయన అక్కడే ఆపేవారు.

అరుదైనవి

కొత్త ఎంపిక చేర్చగానే పాత వరస మారిందా? ఉన్నదాన్నే పోలిన ఇంకోటి చేర్చారేమో చూసి తీసెయ్యండి. పట్టిక నుంచి బరువులు తీయడానికి ఐగెన్ వెక్టర్ పద్ధతా, గుణసగటు పద్ధతా అన్న గొడవ మూడింటి పట్టికలో లేనే లేదు, రెండూ ఒకే బరువులిస్తాయి.