సిబిల్ రిపోర్టు ఉచితంగా తీసుకోవడం, తీసుకున్నాక చదవడం ఎలా?

"స్కోరు ఎంతొచ్చిందండీ?" మా పాలకొల్లు ఆన్‌లైన్ సెంటర్‌కి వచ్చేవాళ్లందరిదీ ఇదే మాట. 742 అనగానే ఇంటర్ మార్కులు చూసుకున్నట్టు మురిసిపోయి వెళ్లిపోతారు. ఆ స్కోరు వెనకున్న రిపోర్టు, అంటే మన అప్పులు, వాయిదాల చిట్టా మాత్రం ఒక్కరూ చదవరు.

కావలసినవి పాన్ కార్డు, ఈమెయిలు, బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరు. ఓటీపీ వస్తుంది కాబట్టి ఆ ఫోను మీ చేతిలోనే ఉండాలి. రిపోర్టును సెల్లులో చూడొద్దు, ప్రింటు తీయాల్సిందే. సెల్లులో చూసినవాళ్లెవరూ రెండో పేజీ దాటడం నేను చూడలేదు.

మన దేశంలో ఈ చిట్టా రాసే సంస్థలు, అంటే బ్యూరోలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కోటీ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. సైటు తెరవగానే డబ్బులు కట్టే ప్లాన్లే ఎదురొస్తాయి, వాటిని దాటి ఉచితం లింకు పట్టుకోండి. "నెలనెలా స్కోరు ఫ్రీ" అనే యాప్‌లూ ఉన్నాయి. లోన్లు, కార్డులు అంటగడితే వచ్చే కమిషనే వాళ్ల బతుకుతెరువు. అందుకే నేను మూడు నెలలకొక బ్యూరో చొప్పున నాలుగూ తిప్పుతాను. ఏడాది పొడుగునా కాపలా ఉంటుంది, పైసా ఖర్చుండదు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు, ఆ భయం వదిలేయండి.

అసలు తంటా అకౌంట్ల పేజీలో. ఎర్ర పెన్ను తీసుకుని నింపాదిగా కూర్చోండి.

ముందు, ఆ లోను మీదేనా? అన్నవరం దేవుడి పేరు పెట్టుకోని ఇల్లు మన వైపు అరుదు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా రాస్తారు. ఇంకే సత్యనారాయణ గారి ట్రాక్టరు లోనో మీ నెత్తిన కూర్చునుండొచ్చు. పేరొక్కటే చూసి నాదే అనుకోకండి. పుట్టినతేదీ, పాన్, లోను తీసుకున్న తేదీ అన్నీ కలవాలి.

తర్వాత, మీరు ఏ హోదాలో ఉన్నారు? గ్యారంటర్ అని ఉంటే గుర్తు తెచ్చుకోండి. తోడల్లుడి రొయ్యల చెరువుకి ఎప్పుడో సంతకం పెట్టి మర్చిపోయుంటారు. ఆయన కట్టకపోతే మీకూ దెబ్బే.

నెలల గడుల్లో 000 ఉంటే సకాలంలో కట్టినట్టు, 030 అంటే 30 రోజులు ఆలస్యం. చివరగా, అప్పు తీరిపోతే 'క్లోజ్డ్' అని ఉండాలి. 'సెటిల్డ్' అంటే తగ్గించి కట్టి వదిలించుకున్నారని అర్థం, కొత్త లోను ఇచ్చేవాడు మొహం చిట్లిస్తాడు. నా బండి లోను వాయిదాలన్నీ అయిపోయి, ఎన్‌ఓసీ (బాకీ లేదని ఇచ్చే కాగితం) బీరువాలో ఉండగానే, 118 రూపాయల బాకీ రెండేళ్లు అలాగే కనిపించింది. ఇంటి లోనుకి వెళ్లినప్పుడు గానీ నాకు తెలియలేదు.

నిన్నగాక మొన్న నగలు విడిపించుకుని ఇవాళే ఫిర్యాదు చేయకండి, ఒక నెల ఆగండి. బ్యాంకులు వివరాలు బ్యూరోకి ఏ రోజుకారోజు పంపవు, విడతలుగా పంపుతాయి. అప్పటికీ మారకపోతే బ్యూరో సైటులో డిస్ప్యూట్ (తప్పుందని ఫిర్యాదు) పెట్టండి. బ్యూరో తనంతట తాను దిద్దదు, బ్యాంకునే అడుగుతుంది. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకి 100 రూపాయలు పరిహారం మీకు రావాలి. "స్కోరు పెంచుతాం" అనే ఏజెంట్లకి ఇచ్చిన డబ్బు గోదాట్లో పోసినట్టే.

బ్యాంకుకి కూడా కాగితం ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. "చూస్తాం లెండి, వెళ్లండి" అంటారు. వేసేదాకా కౌంటరు దగ్గరే నిలబడండి.