ఔట్‌బోర్డ్ మోటారు నేర్చుకుందాం, 6వ పాఠం: ఫ్యాన్ మార్చబోయే ముందు

పోయిన పాఠంలో తప్పు నాదే. ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం (మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో ఆ అంకె) చూడండి, మోటారు పుస్తకంలో ఉన్న అంకెకీ దానికీ తేడా తీయండి, ఆ తేడాని 200తో భాగిస్తే, పడవ వెనక నీళ్లలో తిరిగే ఫ్యాన్ (ప్రొపెల్లర్) పిచ్, అంటే ఒక్క చుట్టుకి అది ముందుకెళ్లే దూరం, ఎన్ని అంగుళాలు మార్చాలో వస్తుంది అన్నాను. పెంచాలా తగ్గించాలా అన్నది మాత్రం చెప్పలేదు. తెలిసిందే కదా అనుకున్నాను. ఆర్‌పీఎం తక్కువొచ్చిన వాళ్లలో సగం మంది పెద్ద పిచ్ కొనేశారు.

ఒకాయన ఫైబర్ పడవకి 9.9 హార్స్‌పవర్ మోటారు ఉంది. పుస్తకంలో 5000 నుంచి 6000 అని రాసుంది. వలలు, ఐసు, నలుగురు మనుషులతో 4800 దాటడం లేదు. ఫ్యాన్ మీద 9¼ × 10 అని ఉంది, అంటే వ్యాసం 9¼ అంగుళాలు, పిచ్ 10. ఆయన 12 పిచ్‌ది తెచ్చి బిగించాడు. ఇప్పుడు 4400. స్పార్క్ ప్లగ్గులు నల్లబడుతున్నాయి, పడవ నీళ్ల మీదకి లేవడం లేదు. మోటారుకి బలం లేదని బాధపడుతున్నాడు. పాపం, మోటారు బాగానే ఉంది.

పిచ్ అంటే అంగ. ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగితే ఎన్ని అంగుళాలు ముందుకెళ్లాలో ఆ అంకె చెబుతుంది. నీళ్లు జారతాయి కాబట్టి నిజంగా అంత వెళ్లదు, అది వేరే సంగతి. నెత్తిన ధాన్యం బస్తా పెట్టుకుని పెద్ద పెద్ద అంగలు వేయగలమా? చిన్న అంగలే వేస్తాం, గబగబా వేస్తాం. పడవా అంతే. ఆర్‌పీఎం తక్కువైతే పిచ్ తగ్గించాలి, ఎక్కువైతే పెంచాలి. ఆయన 12 కాదు, 8 తేవాల్సింది. 5200 దగ్గరకి వచ్చేది.

కొందరు ఏటికి ఎదురుగా ఒకసారి, వాలుకి ఒకసారి వెళ్లి ఆర్‌పీఎం సగటు తీశారు. జీపీఎస్‌లో వేగం కొలిచేటప్పుడు అలా చేయాలి. ఆర్‌పీఎంకి అక్కర్లేదు. నిలకడగా ఉన్న నీళ్లుంటే చాలు. కాకినాడ వాళ్లకైతే హోప్ ఐలాండ్ లోపలివైపు బాగుంటుంది. ఆర్‌పీఎం మీటరు సగమో రెట్టింపో చూపిస్తే సెట్టింగ్ తప్పు, అది మోటారు రకాన్ని బట్టి మార్చుకోవాలి. కెరటం మీదో మలుపులోనో మాత్రమే ఆర్‌పీఎం ఎగిరితే ఫ్యాన్ గాలి పీలుస్తోంది. మోటారు ఎత్తు చూసుకోండి, ఫ్యాన్ జోలికి పోకండి.

ఇక నాకు ఒళ్లు మండే విషయానికి వస్తాను.

"నిన్నటిదాకా బాగానే ఉంది సార్, ఇప్పుడు ఆర్‌పీఎం 6300 పోతోంది, పిచ్ పెంచమంటారా?" అదే పడవ, అదే ఫ్యాన్, అదే బరువు. మరి పిచ్ రాత్రికి రాత్రే ఎలా మారిపోతుంది? రెక్కలు వంగలేదు, విరగలేదు అంటే అనుమానించాల్సింది లోపలి రబ్బరు బుష్‌ని. ఫ్యాన్ బొడ్డుకీ షాఫ్టు మీద కూర్చునే గొట్టానికీ మధ్య రబ్బరు ఉంటుంది. ఫ్యాన్ ఇసుక దిబ్బకో రాయికో తగిలినప్పుడు దెబ్బ గేర్లకి పోకుండా అది కాస్తుంది. అలా కాసీ కాసీ ఒకరోజు పట్టు వదిలేస్తుంది. బైకు క్లచ్ జారినట్టే. మెల్లగా పోతే బాగానే ఉంటుంది, థ్రాటిల్ తిప్పితే మోత పెరుగుతుంది, పడవ కదలదు. దీనికి పిచ్ పెంచితే డబ్బు దండగ. నేనూ రెండు ఫ్యాన్లు దండగ చేశాకే తెలుసుకున్నాను. అమ్మినాయన ఒక్కసారి కూడా బుష్ చూశారా అని అడగలేదు.

పరీక్షకి పైసా ఖర్చు లేదు. కిల్ స్విచ్ (మోటారుని ఆపేసే స్విచ్) క్లిప్ తీసేయండి, ఆ తర్వాతే ఫ్యాన్ మీద చెయ్యి వేయండి. నట్టు మీద నుంచి ఫ్యాన్ బొడ్డు అంచు దాకా తిన్నగా ఒక గీత గీయండి. నేను మా ఆవిడ గోళ్లరంగు వాడతాను, మార్కర్ ఉప్పునీళ్లకి నిలవదు. ఆరాక బరువుతో వెళ్లి ఐదు నిమిషాలు ఫుల్‌లో నడిపి రండి. నట్టుకి పిన్ను ఉంటుంది కాబట్టి అది షాఫ్టుతోనే తిరుగుతుంది. బొడ్డు మీద గీత పక్కకి జరిగి ఉంటే బుష్ పోయినట్టే. నడిసముద్రంలో పోతే కంగారు పడకండి, థ్రాటిల్ తగ్గించి మెల్లగా ఒడ్డుకి వచ్చేయొచ్చు.

ఎలాగూ ఫ్యాన్ ఊడదీస్తారు కాబట్టి దాని వెనక వలతాడు చుట్టుకుందేమో చూడండి. సన్న దారమే ఆయిల్ సీలుని కోసేస్తుంది. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా మారిందంటే నీళ్లు దిగినట్టు.

స్టీలా, అల్యూమినియమా? నేనైతే మూడు రెక్కల అల్యూమినియమే వేస్తాను. స్టీలుకి వేగం కొంచెం ఎక్కువే, కాదనను. కానీ ఇసుక మీదకి ఎక్కించే పడవలకి వంగిపోయే ఫ్యాన్ మేలు, లోపలి గేర్లు మిగులుతాయి. పడవలో స్పేర్ ఫ్యాన్‌తో పాటు నట్టు, వాషర్లు, రెండు పిన్నులు ఉండాలి. పిన్ను లేక ఇనుప తీగ చుట్టుకొచ్చిన వాళ్లని చూశాను.

అభ్యాసం. ముందు గీత పరీక్ష. తర్వాత ఖాళీ పడవతో, సగం బరువుతో, పూర్తి బరువుతో ఒక్కోసారి ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం రాసుకోండి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ అంటే ఇరవై కిలోలు, లెక్క తేలిక. చివరగా వలలు తడిపి, వేటకి వెళ్లినట్టే వెళ్లి నాలుగోసారి. ఒక పూట పోతుంది, పోనివ్వండి.

కాగితం మీద ఒకటి. 40 హార్స్‌పవర్ మోటారు, పుస్తకంలో 4500 నుంచి 5500, ఫ్యాన్ 13 పిచ్. ఖాళీగా 5000, నిండుగా 4300. నిండు పడవ 4500కి అందాలి, ఖాళీ పడవ 5500 దాటకూడదు. అంగుళానికి 200 చొప్పున లెక్క వేస్తే రెండు పిచ్‌లు సరిపోతాయి. అందులో నేను ఒకటే కొంటాను. ఏది కొంటానో, రెండోది ఎందుకు వదిలేస్తానో రాసి ఉంచండి, ఏడో పాఠం అక్కడే మొదలవుతుంది.