ఆకుపచ్చ సీసా లోపల తెల్ల చారలు పోవాలంటే

హన్మకొండలో మా బోరు నీళ్లకు, మనీప్లాంట్ పెట్టిన ఆకుపచ్చ గాజు సీసా లోపల నెల తిరిగేసరికి తెల్లటి చారలు కడుతున్నాయి. మెడ సన్నం, బ్రష్ దూరదు.

ఇప్పుడు ఇలా కడుగుతున్నాను. 750 మి.లీ. సీసాకు రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి, చారలు మునిగేదాకా గోరువెచ్చని నీళ్లు పోసి అరగంట ఉంచాలి. పావు వంతు నీళ్లు మాత్రం ఉంచి మిగతావి పారబోసి, గుప్పెడు నూకలు వేయాలి. బియ్యం కన్నా నూకలే మేలు, అడుగు మూలల్లోకి పోతాయి. మూతిని అరచేత్తో మూసి రెండు నిమిషాలు గుండ్రంగా తిప్పితే నూకలు గాజును రాసుకుంటూ తిరుగుతాయి. తర్వాత రెండుసార్లు తొలిస్తే చాలు. కిటికీలో పెడితే పచ్చటి వెలుగు మళ్లీ గచ్చు మీద పడుతుంది, అది చూస్తే ఎంత హాయో!

రంగు పోతుందని టెన్షన్ వద్దు. గాజు కరిగించేటప్పుడే ఇనుము, క్రోమియం వల్ల వచ్చిన రంగు అది. పైన రంగు పూసిన షోపీసులకు మాత్రం ఇది వాడొద్దు, పూత లేచిపోవచ్చు. తడిగా ఉన్నప్పుడు మాయమై, ఆరగానే మళ్లీ కనిపించే మసక ఉంటే అది గాజే దెబ్బతిన్న గుర్తు. ఎంత తిప్పినా పోదు.