పంపిన మెయిల్ స్పామ్‌లో పడుతుంటే డీఎన్‌ఎస్‌లో వెతకాల్సిన తప్పులు

మెయిల్ వెళ్తుంది, అవతలివాళ్లకు స్పామ్‌లో పడుతుంది. లేదా 550 5.7.26 అన్న నంబరుతో తిరిగొస్తుంది. చాలామంది వెంటనే మెయిల్‌లో రాసిన మాటలు మార్చి చూస్తారు. అంతకంటే ముందు ఒక జీమెయిల్ ఖాతాకు టెస్ట్ మెయిల్ పంపి, అక్కడ మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కండి. ఎస్‌పీఎఫ్ (మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్‌పై పడే డిజిటల్ సంతకం), డీమార్క్ (ఈ తనిఖీలు ఫెయిలైతే మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే పాలసీ)లలో ఏది ఫెయిలైందో అక్కడే కనిపిస్తుంది. ఈ మూడింటి రికార్డులూ డీఎన్‌ఎస్‌లో, అంటే మీ డొమైన్ వివరాలు ఇంటర్నెట్‌కు చెప్పే పట్టికలో ఉంటాయి.

సమస్య: ఎస్‌పీఎఫ్ దగ్గర 'పెర్మ్‌ఎర్రర్'

నేను ఎక్కువగా చూసేది ఇదే, అంటే రికార్డే తప్పుగా ఉందన్న ఎర్రర్. మొదట మెయిల్ కంపెనీ చెప్పిన ఎస్‌పీఎఫ్ వరుసను డీఎన్‌ఎస్‌లో టెక్స్ట్ రికార్డుగా పెడతారు. కొన్నాళ్లకు బిల్లులు పంపే సర్వీసు తనదీ పెట్టమంటుంది, దాని కిందే ఇంకో వరుస చేరుస్తారు. నాకు తెలిసిన ఒక కోచింగ్ సెంటర్ ఫీజు రసీదులు రెండు నెలలు తల్లిదండ్రుల స్పామ్‌లోనే ఉండిపోయింది ఈ రెండో వరుస వల్లే. డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండుంటే మెయిల్ అందుకునే సర్వర్ రెండింట్లో మంచిది ఎంచుకోదు, ఎర్రర్ అని తేల్చేస్తుంది.

పరిష్కారం: రెండు 'ఇన్‌క్లూడ్'లనూ (ఆయా సర్వీసుల పేర్లున్న భాగాలు) ఒకే వరుసలోకి తెచ్చి, 'ఆల్' అన్న భాగం (మిగతా సర్వర్లను ఏం చేయాలో చెప్పేది) చివర ఒక్కసారే ఉంచి, రెండోదాన్ని తీసేయండి. ఎస్‌పీఎఫ్ తనిఖీకి డీఎన్‌ఎస్‌లో వెతకాల్సినవి (లుకప్‌లు) 10 దాటినా ఇదే ఎర్రర్ వస్తుంది. ఒక ఇన్‌క్లూడ్ లోపలున్న ఇన్‌క్లూడ్‌లూ లెక్కలోకి వస్తాయి కాబట్టి, వాడడం మానేసిన సర్వీసులను తొలగించండి.

సమస్య: డీకిమ్ పెట్టినా దొరకడం లేదు

హోస్ట్ గడిలో డొమైన్‌తో సహా పూర్తి పేరు రాసి ఉంటారు. చాలా ప్యానెళ్లు (డీఎన్‌ఎస్ రికార్డులు మార్చే పేజీలు) డొమైన్‌ను తామే చివర చేరుస్తాయి, పేరు రెండుసార్లు పడుతుంది. సెలెక్టర్ (మెయిల్ సర్వీసు ఇచ్చే కీ పేరు), చుక్క, అండర్‌స్కోర్ డొమైన్‌కీ వరకే రాయండి. పేరు సరిగానే ఉంటే కీ (సంతకాన్ని సరిచూసే పొడవాటి అక్షరాల వరుస) చూడండి. టెక్స్ట్ రికార్డులో ఒక్కో ముక్క 255 అక్షరాలు దాటకూడదు, 2048 బిట్ల కీ దాన్ని దాటుతుంది. ప్యానెల్ దాన్ని ముక్కలు చేయకపోతే మీరే కోట్స్‌లో రెండుగా విడగొట్టాలి. సేవ్ చేశాక కీ చివరి అక్షరాలు పోల్చి చూసుకోండి.

సమస్య: ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ పాస్, డీమార్క్ మాత్రం ఫెయిల్

పాసైంది మీ డొమైన్ కాదు, పంపే సర్వీసుది. 'ఫ్రమ్'లో కనిపించే డొమైన్‌తో ఆ రెండింట్లో కనీసం ఒకటి కలవాలి. సర్వీసు సెట్టింగుల్లో మీ డొమైన్‌తో డీకిమ్ సంతకం ఆన్ చేయండి. డీమార్క్ పాలసీని 'నన్'తో (ఏ చర్యా వద్దు) మొదలుపెట్టి, రిపోర్టులు చదివాకే గట్టి చేయండి. మొదటిరోజే 'రిజెక్ట్' (తిప్పి పంపు) పెడితే మీ సొంత రసీదులే ఆగిపోవచ్చు. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్లు దాటి పంపేవాళ్లకు 2024 ఫిబ్రవరి నుంచి ఈ మూడూ తప్పనిసరి.

సమస్య: 550 5.7.25 అన్న నంబరుతో మెయిల్ తిరిగిరావడం

సొంత సర్వర్ ఉన్నవాళ్లకే ఇది. పీటీఆర్ రికార్డు (ఐపీ అడ్రస్‌ను బట్టి సర్వర్ పేరు చెప్పేది) లేదు, లేదా సర్వర్ పేరుతో కలవడం లేదు. అది మీ డొమైన్ ప్యానెల్లో ఉండదు, ఐపీ ఇచ్చిన కంపెనీ దగ్గర పెట్టించుకోవాలి.

మార్చాక ఫలితం వెంటనే కనిపించకపోతే మళ్లీ మళ్లీ మార్చకండి. టీటీఎల్ (జవాబు నిల్వ ఉంచుకోదగ్గ సమయం, సెకన్లలో) 3600 అంటే పాత జవాబు ఒక గంట వరకు నిల్వ ఉండొచ్చు. రికార్డు పెట్టకముందే వెతికి ఉంటే 'లేదు' అన్న జవాబూ అలాగే కొంతసేపు నిలిచి ఉంటుంది.